నొప్పి లేకుండానే చెడిపోతున్న కిడ్నీలు

మునగాల: నడుములో ఒక పక్క పోటు వచ్చిందంటే చాలు, కిడ్నీలు పాడైపోయాయేమోనన్న భయంతో ఆసుపత్రికి పరుగెత్తేవారు మండలంలో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. మూత్రంలో నురగ వస్తున్నా, ఉదయం లేవగానే కళ్ల కింద ఉబ్బి ఉంటున్నా నెలల తరబడి పట్టించుకోనివారూ అంతే తరచుగా కనిపిస్తారు. భయపడవలసింది ఈ రెండో రకం వారేనని వైద్యశాస్త్రం చెబుతోంది. పోటు పుట్టించే రాళ్లు, మంట పుట్టించే ఇన్‌ఫెక్షన్లు సకాలంలో చూపించుకుంటే చాలావరకు వైద్యానికి లొంగుతాయి. డయాలసిస్ వరకు తీసుకువెళ్లే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి తొలి దశల్లో నొప్పి ఉండదు. మంట ఉండదు. మూత్రం పరిమాణం కూడా తగ్గకపోవచ్చు.

హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న మునగాల ప్రాంతానికి ఈ విషయం మరింత ముఖ్యం. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించే రైతులు, ఎండలో నాట్లు, కలుపు పనులు చేసే కూలీలు, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో వేడి నడుమ పనిచేసే హమాలీలు, రాత్రింబవళ్లు రహదారిపై గడిపే లారీ డ్రైవర్లు ఇక్కడ ఎక్కువ. నీళ్లు తక్కువ తాగడం, చెమటగా నీరు పోవడం, ఒళ్లునొప్పులకు సూదులు వేయించుకోవడం వీరి నిత్యజీవితంలో భాగమైపోయాయి. దానికి షుగరు, బీపీ తోడైతే మూత్రపిండాలపై పడే భారం రెట్టింపవుతుంది.

రోజుకు 180 లీటర్ల వడపోత

పిడికిలి కంటే కొంచెం పెద్దగా, వెన్నెముకకు ఇరువైపులా పక్కటెముకల అడుగున ఉండే మూత్రపిండాల గుండా నిమిషానికి సుమారు లీటరు రక్తం ప్రవహిస్తుంది. ఒక్కొక్క కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. రోజు మొత్తంలో ఇవి వడపోసే ద్రవం 180 లీటర్ల వరకు ఉంటుంది. అందులో అవసరమైన నీటిని, లవణాలను తిరిగి రక్తంలోకి పంపగా మిగిలిన లీటరున్నర నుంచి రెండు లీటర్లే మూత్రంగా బయటికి వస్తుంది. రక్తపోటును అదుపులో ఉంచడం, ఎర్రరక్తకణాల తయారీకి కావలసిన హార్మోనును విడుదల చేయడం, ఎముకలకు అవసరమైన డి విటమిన్‌ను ఉపయోగపడే రూపంలోకి మార్చడం కూడా కిడ్నీల పనే. అందుకే కిడ్నీ జబ్బు ముదిరిన రోగికి రక్తం తగ్గి ముఖం పాలిపోతుంది. ఎముకలు బలహీనపడతాయి. బీపీ ఎన్ని గోళీలు వేసినా తగ్గదు.

నెఫ్రాన్లు కొన్ని చనిపోతే మిగిలినవి ఆ పనిని కూడా తమపై వేసుకుంటాయి. ప్రకృతి ఇచ్చిన ఈ వెసులుబాటే రోగిని మోసం చేస్తుంది. సగానికి పైగా పని తగ్గిపోయినా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. ఆకలి మందగించడం, వికారం, కాళ్లవాపు, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, ఒళ్లు దురద, ఆయాసం వంటివి కనిపించేనాటికి వ్యాధి చాలా దూరం వెళ్లి ఉంటుంది. వీటిని గ్యాస్ అనో, రక్తం తక్కువనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకోవడంతో మరికొన్ని నెలలు వృథా అవుతాయి.

పట్టి ఇచ్చేవి రెండు పరీక్షలు

ఈ వ్యాధిని తొలి దశలో గుర్తించడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. ఒకటి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రెండవది రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. ఆరోగ్యవంతమైన కిడ్నీ ఆల్బుమిన్ అనే మాంసకృత్తును బయటికి పోనివ్వదు. జల్లెడ దెబ్బతిన్నప్పుడు అది మూత్రంలోకి జారుతుంది. మూత్రం నురగ రావడానికి ఒక కారణం ఇదే. అయితే నురగ కంటికి కనిపించకముందే, చాలా స్వల్ప పరిమాణంలో పోతున్నప్పుడే ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అనే మూత్ర పరీక్షతో పసిగట్టవచ్చు. ఈ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటి, మూడు నెలలైనా అలాగే కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఆల్బుమిన్ తాత్కాలికంగా కనిపించవచ్చు కనుక ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు.

క్రియాటినిన్ విషయంలో జనంలో ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. రిపోర్టులో అంకె నార్మల్ గీటు లోపల ఉంటే కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకుంటారు. కండరాల నుంచి తయారయ్యే ఈ పదార్థం మనిషి వయసు, ఒడ్డూపొడుగును బట్టి మారుతుంది. ఉదాహరణకు 25 ఏళ్ల యువకుడికి క్రియాటినిన్ 1.2 ఉంటే లెక్క ప్రకారం అతని వడపోత సామర్థ్యం 86 దాకా వస్తుంది. అదే 1.2 అంకె 60 ఏళ్ల మహిళ రిపోర్టులో ఉంటే ఆమె సామర్థ్యం 52 మాత్రమే. ఈ లెక్కనే ఇ-జీఎఫ్ఆర్ అంటారు. చాలా ప్రయోగశాలలు దీనిని రిపోర్టులోనే ముద్రిస్తున్నాయి. లేకపోతే వైద్యుడిని అడిగి లెక్క కట్టించుకోవాలి. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే వ్యాధి ఉన్నట్లే. 30 కంటే తగ్గితే కిడ్నీ నిపుణుడైన నెఫ్రాలజిస్టు పర్యవేక్షణ తప్పనిసరి. 15 కంటే దిగువన ఉన్నవారు డయాలసిస్‌కో, మార్పిడికో సిద్ధపడవలసి ఉంటుంది.

షుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉన్నవారు, తరచుగా నొప్పి మాత్రలు వాడేవారు, ఒకసారైనా పాముకాటుకో, తీవ్రమైన విరేచనాలకో గురై మూత్రం ఆగిపోయినవారు, పదేపదే రాళ్లు వస్తున్నవారు కూడా ఈ కోవలోకే వస్తారు. 30 ఏళ్లు దాటినవారికి షుగరు, బీపీ పరీక్షలను ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఊళ్లలోనే చేస్తున్నారు. అందులో తేడా ఉన్నట్లు తేలినవారు అక్కడితో ఆగిపోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మూత్రం, రక్తం పరీక్ష కోరాలి. అడిగితే తప్ప ఈ పరీక్ష రాయని సందర్భాలూ ఉన్నాయి కనుక రోగి నోరు తెరిచి అడగడమే మేలు.

రెండు కిడ్నీల పరిమాణం, రాళ్లు, అడ్డంకులు తెలుసుకోవడానికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఉపయోగపడుతుంది. కిడ్నీలు కుంచించుకుపోయి ఉంటే వ్యాధి పాతదని అర్థం. కారణం తేలనప్పుడు, ఆల్బుమిన్ విపరీతంగా పోతున్నప్పుడు కిడ్నీ నుంచి సన్నని ముక్క తీసి పరీక్షించే బయాప్సీ అవసరమవుతుంది. ముక్క తీస్తే కిడ్నీ చెడిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

‘వేడి చేసింది’ అనుకునే ఇన్‌ఫెక్షన్

మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికి వెళ్లవలసి రావడం, పొత్తికడుపులో నొప్పి ఉంటే పల్లెల్లో ‘వేడి చేసింది’ అంటారు. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, మజ్జిగ తాగుతూ వారం గడిపేస్తారు. నీళ్లు తాగడం మంచిదే. అయితే మంట వెనుక ఉన్నది చాలాసార్లు సూక్ష్మజీవుల దాడి. పేగుల్లో ఉండే ఈ-కొలై అనే బ్యాక్టీరియా దీనికి ప్రధాన కారణం. స్త్రీలలో మూత్రనాళం పొట్టిగా ఉండడం వల్ల సూక్ష్మజీవులు మూత్రాశయానికి త్వరగా చేరతాయి. అందుకే ఈ సమస్య వారిలో అధికం.

నాట్లు, కలుపు పనులకు వెళ్లే మహిళల ఇబ్బంది వేరు. పొలం దగ్గర చాటు ఉండదు కనుక ఉదయం నుంచి సాయంత్రం వరకు నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకొని పనిచేస్తారు. అపార్ట్‌మెంట్లు కట్టే చోట కూలీ పనిచేసే ఆడవారిదీ, మరుగుదొడ్డి సరిగా లేని బడుల్లో చదివే ఆడపిల్లలదీ ఇదే పరిస్థితి. నీళ్లు తాగమని వీరికి సలహా చెప్పడం తేలికే కానీ, పని చేసేచోట మరుగుదొడ్డి లేకుండా ఆ సలహాకు విలువ ఉండదు.

చలితో కూడిన జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్‌ఫెక్షన్ మూత్రాశయాన్ని దాటి కిడ్నీకి పాకిందని అనుమానించాలి. అప్పుడు ఇంట్లో కూర్చోకూడదు. షుగరు ఉన్నవారిలో ఇది ప్రాణాంతకంగా మారే అవకాశం ఉంది. గర్భిణులకు మంట లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే వైద్యం చేయవలసిందే. లేకుంటే కిడ్నీకి పాకడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం వంటి ముప్పు ఉంది. రెండేళ్లలోపు బిడ్డకు కారణం తెలియని జ్వరం వస్తే మూత్ర పరీక్ష మరచిపోకూడదు. కొందరు పిల్లల్లో మూత్రం కిందికి వెళ్లే బదులు వెనుకకు, కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. దానిని గుర్తించకపోతే పెద్దయ్యేనాటికి కిడ్నీలపై మచ్చలు పడతాయి.

వైద్యానికి ముందు మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వడం శ్రేయస్కరం. మొదటి ధారను వదిలి మధ్య ధారను ప్రయోగశాల ఇచ్చిన శుభ్రమైన సీసాలో పట్టాలి. ఏ సూక్ష్మజీవి ఉన్నదీ, దానికి ఏ మందు పనిచేస్తుందీ రెండు మూడు రోజుల్లో తేలుతుంది. యాంటీబయాటిక్ వేసుకున్న తర్వాత ఇచ్చే మూత్రంలో క్రిమి దొరకకపోవచ్చు. మందుల దుకాణంలో రెండు గోళీలు కొని, మంట తగ్గగానే ఆపేసే అలవాటు వల్ల మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు చీముకణాలు కనిపిస్తున్నా కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగని రోగికి మూత్రకోశ క్షయ ఉందేమో చూడాలి. మన దేశంలో టీబీని మరచిపోయి మూత్ర రోగాలకు వైద్యం చేయలేం.

మూత్రంలో రక్తం కనిపించి, నొప్పి లేకపోతే చాలామంది ఊరట చెందుతారు. నిజానికి 40 ఏళ్లు దాటినవారిలో, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవారిలో ఇది మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు. ఒక్కసారి కనిపించి తగ్గిపోయినా యూరాలజిస్టును కలవాలి. 50 దాటిన మగవారిలో ధార సన్నబడడం, ఆగి ఆగి రావడం ప్రొస్టేట్ గ్రంథి పెరుగుదల వల్ల జరుగుతుంది. మూత్రాశయం ఎప్పుడూ నిండి ఉంటే ఆ ఒత్తిడి పైకి తన్ని రెండు కిడ్నీలనూ వాచేలా చేస్తుంది.

రాళ్లు: కరిగేవి, కరగనివి

కిడ్నీలో రాళ్లకు కొండపిండి ఆకు, పల్లేరు కాయల కషాయం, ఉలవకట్టు, అరటిదవ్వ రసం వాడటం మన ప్రాంతంలో తరతరాలుగా ఉంది. చిన్న రాళ్లలో అధికశాతం ఏ మందూ లేకున్నా నీటితో పాటే జారిపోతాయి. 5 మిల్లీమీటర్ల లోపు రాయి బయటపడే అవకాశం బాగా ఎక్కువ. పేరు మాత్రం కషాయానికి వస్తుంది. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్జలేట్ రకానివి. ఇవి మందులతో కరగవు. యూరిక్ ఆమ్లపు రాళ్లు మాత్రం మూత్రాన్ని క్షారగుణానికి మార్చే మందులతో కరుగుతాయి. బయటపడ్డ రాయిని పారవేయకుండా పరీక్షకు ఇస్తే ఏ రకమో తెలిసి, మళ్లీ రాకుండా జాగ్రత్త పడవచ్చు.

రాయి సెంటీమీటరు దాటితే దానంతట అది పడిపోయే అవకాశం తక్కువ. శరీరం బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పొడి చేసే లిథోట్రిప్సీ చికిత్సను 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో తొలిసారి రోగిపై ప్రయోగించారు. ఇప్పుడు మూత్రనాళం గుండా సన్నని దుర్భిణి పంపి లేజర్‌తో పగులగొట్టే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. రెండు సెంటీమీటర్లకు మించిన రాళ్లకు వీపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసే పీసీఎన్ఎల్ చికిత్స చేస్తారు. ఈ చికిత్సల తర్వాత మూత్రనాళంలో స్టెంట్ అనే గొట్టం ఉంచుతారు. దానిని కొద్ది వారాల్లో తీయించుకోవాలి. నొప్పి తగ్గిందని, ఖర్చులు లేవని ఆ సంగతే మరచినవారిలో స్టెంట్ చుట్టూ రాళ్లు పేరుకొని కిడ్నీకే ఎసరు వస్తుంది. డిశ్చార్జి కాగితంపై స్టెంట్ తీసే తేదీని రాయించుకోవడం మేలు.

పోటు మాయమైతే రాయి పోయిందనుకోవడం ఇంకొక ప్రమాదం. నాళంలో ఇరుక్కున్న రాయి కొంతకాలానికి నొప్పి పుట్టించడం మానేస్తుంది కానీ మూత్రాన్ని అడ్డగించడం మానదు. కిడ్నీ వాచి నెమ్మదిగా పనిచేయడం ఆపేస్తుంది. కనుక నొప్పి పోయినా ఒకసారి స్కానింగ్ తీయించాలి. రాయితోపాటు జ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగినా, ఉన్న ఒక్క కిడ్నీలోనే రాయి అడ్డుపడినా అది అత్యవసర పరిస్థితి.

రాళ్లు వచ్చినవారు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీరు తాగాలి. ఎండలో పనిచేసేవారికి ఇందుకు మూడు, నాలుగు లీటర్ల నీరైనా కావలసి వస్తుంది. ఉప్పు తగ్గించాలి. పాలు, పెరుగు మానేస్తే రాళ్లు రావన్నది అపోహ. ఆహారంలోని కాల్షియం పేగుల్లోనే ఆక్జలేట్‌ను పట్టి బయటికి పంపుతుంది. పూర్తిగా మానితే రాళ్లు పెరిగే అవకాశమే ఉంది. బీరు తాగితే రాళ్లు పోతాయన్న మాటకు వైద్యపరంగా విలువ లేదు.

ఒళ్లునొప్పుల సూది, పొలంలో పాము

నాట్లు ముగిసిన సాయంత్రం నడుము విరిగినట్లుంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్ద సూది వేయించుకుని, తెల్లవారి మళ్లీ మడిలోకి దిగడం కూలీలకు అలవాటు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మందులు కిడ్నీలోకి వెళ్లే రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఒంట్లో నీరు పుష్కలంగా ఉన్న ఆరోగ్యవంతుడికి ఒక మాత్రతో నష్టం జరగదు. చెమట పట్టి నీరు తగ్గిపోయిన మనిషికి, అప్పటికే బీపీ మందులు, మూత్రం ఎక్కువ వచ్చే మందులు వాడుతున్న మనిషికి, షుగరు వల్ల కిడ్నీ నీరసించిన మనిషికి అదే మందు ముంచుకొస్తుంది. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి ఇలాంటి మాత్రలు మింగే వృద్ధులకు క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. నొప్పికి పారాసెటమాల్‌ను పరిమితిలో వాడటం కిడ్నీల దృష్ట్యా మెరుగు. పేరు, తయారీ తెలియని భస్మాలు, పొడుల్లో పాదరసం, సీసం వంటి లోహాలు ఉంటే అవీ కిడ్నీలను దెబ్బతీస్తాయి.

వరి పొలాల్లో పొంచి ఉండే రక్తపింజర కాటు కూడా కిడ్నీలపై నేరుగా ప్రభావం చూపుతుంది. దీని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొట్టి, కిడ్నీల పని అకస్మాత్తుగా ఆపివేయగలదు. కాటు పడిన వ్యక్తి రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూసే పరీక్షకు యంత్రం అక్కరలేదు. చిన్న ఆసుపత్రిలో కూడా చేయవచ్చు. గడ్డకట్టకపోతే విషానికి విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. మంత్రం, కట్టు, కోత అంటూ పోగొట్టుకునే ప్రతి గంటా కిడ్నీలకు చేటు. కాటు తర్వాత మూత్రం తగ్గినా, రంగు మారినా డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తరలించాలి. ఇటువంటి హఠాత్ వైఫల్యంలో కొద్ది వారాలు డయాలసిస్ చేస్తే చాలామందిలో కిడ్నీలు మళ్లీ కోలుకుంటాయి. డయాలసిస్ మొదలుపెడితే జీవితాంతం తప్పదన్న భయంతో ఈ రోగులను ఇంటికి తీసుకుపోవడం ఘోరమైన పొరపాటు.

ఎలుకల మూత్రంతో కలుషితమైన మడి నీటిలో దిగినవారికి వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం, ఆపకుండా పట్టే విరేచనాలు కూడా ఇదే రీతిలో కిడ్నీలను కుంగదీస్తాయి. పిల్లల్లో గజ్జి పుండ్లు, గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కిడ్నీ వాపుగా భావించి వైద్యుడికి చూపించాలి.

ఉద్దానం చెప్పే పాఠం

కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో షుగరు, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. ఎన్నో బృందాలు నీటిని, నేలను, పురుగుమందులను పరిశీలించినా ఇదీ కారణమని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ వచ్చింది. మునగాలకు మరింత దగ్గరగా, సరిహద్దు దాటితే ఎన్టీఆర్ జిల్లాలోని ఎ.కొండూరు మండలం తండాల్లోనూ ఇదే బాధ ఉంది. శ్రీలంకలోని వరి రైతుల్లో, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లో సైతం కారణం తేలని కిడ్నీ వ్యాధి కనిపించింది. మధ్య అమెరికా చెరకు తోటల్లో కూలీలకు నీరు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేసిన చోట్ల కిడ్నీలకు కలిగే నష్టం తగ్గినట్లు పరిశోధకులు గమనించారు. ఎండకు, కిడ్నీకి ఉన్న సంబంధాన్ని ఇది తేటతెల్లం చేస్తోంది.

పూర్వపు నల్గొండ జిల్లా పేరు ఫ్లోరైడ్‌తో ముడిపడిపోయింది. ఫ్లోరైడ్ నీరే కిడ్నీ వ్యాధికి కారణమని ఖరారుగా చెప్పడానికి తగిన రుజువులు లేవు. అయితే ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. అవి బలహీనపడితే ఫ్లోరైడ్ ఎముకల్లో మరింతగా నిలిచిపోతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. బోరు నీటిపై ఆధారపడే ఇళ్లలో కిడ్నీ రోగి ఉంటే ఆ నీటిని పరీక్ష చేయించడం అవసరం.

చెడిన కిడ్నీకి చికిత్స

దీర్ఘకాలిక వ్యాధిలో పోయిన నెఫ్రాన్లు తిరిగి రావు. ఉన్నవాటిని కాపాడుకోవడమే వైద్యం. రక్తపోటును చాలామందిలో 130/80 లోపు ఉంచాలి. ఆల్బుమిన్ పోకుండా అడ్డుకునే బీపీ మందులు రెండు తరగతులుగా ఉన్నాయి. షుగరు వ్యాధికి వచ్చిన ఎస్‌జీఎల్‌టీ-2 తరగతి మందులు కిడ్నీ వ్యాధి ముదరకుండా నెమ్మదింపజేస్తాయని, షుగరు లేనివారికి సైతం ఉపయోగపడతాయని ఇటీవలి పెద్ద పరిశోధనల్లో రుజువైంది. ఇవన్నీ వైద్యుడి పర్యవేక్షణలో, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడవలసినవి. వాంతులు, విరేచనాలతో పడిపోయినప్పుడు వీటిలో కొన్నింటిని తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆహారం విషయంలో మొదట తగ్గించవలసింది ఉప్పు. రోజుకు 5 గ్రాములు అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు తినే ఇంట్లో అది ఒక పూటకే దాటిపోతుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ పని బాగా తగ్గినవారికి అది గుండె ఆగిపోయేంత ప్రమాదం. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, పండ్లరసాలు కూడా ఆ దశలో వైద్యుడిని అడగకుండా తీసుకోరాదు. కిడ్నీ రోగులందరూ నీళ్లు విపరీతంగా తాగాలన్న మాట తప్పు. రాళ్లున్నవారికి పనికివచ్చే సలహా, కాళ్లవాపు, ఆయాసం ఉన్న రోగికి ప్రాణం మీదికి తెస్తుంది.

వడపోత 15 కంటే దిగువకు చేరి లక్షణాలు మొదలైనప్పుడు డయాలసిస్ అవసరం. 1943లో నెదర్లాండ్స్‌లో వైద్యుడు విల్లెమ్ కోల్ఫ్ తయారు చేసిన యంత్రంతో మొదలైన ఈ చికిత్స ఇప్పుడు చిన్న పట్టణాలకు చేరింది. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు కేంద్రాలుగా, జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోని డయాలసిస్ విభాగాలు వాటికి అనుబంధంగా పనిచేసే ఏర్పాటు తెలంగాణలో ఉంది. ఒకరికి వాడిన ఫిల్టర్‌ను తిరిగి వాడని పద్ధతిని ఇందులో ప్రవేశపెట్టారు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితం. కిడ్నీ మార్పిడి కూడా ఈ పథకం పరిధిలో ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. డయాలసిస్ రోగులను 2022లో ఆసరా పింఛన్ల పరిధిలోకి తీసుకువచ్చారు.

డయాలసిస్ అవసరమవుతుందని తెలిసిన రోగికి కొన్ని నెలల ముందే ముంజేతిలో ఫిస్టులా అనే చిన్న శస్త్రచికిత్స చేయాలి. రక్తనాళం బలపడి సూదులు తట్టుకోవడానికి ఆరు వారాలకు పైగా పడుతుంది. ముందు చూపు లేక మెడ వద్ద గొట్టంతో మొదలుపెట్టిన రోగుల్లో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. అందుకే కిడ్నీ జబ్బు ఉన్న రోగి తాను ఎక్కువగా వాడని చేతిలో, మామూలుగా ఎడమ చేతిలో, సెలైన్లు, సూదులు వేయనివ్వకూడదు. ఈ చిన్న జాగ్రత్తను రోగికి చెప్పేవారే అరుదు. ఇంటివద్దే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతి కూడా ఉంది. శుభ్రత పాటించగలిగే, ఆసుపత్రికి దూరంగా ఉన్న కుటుంబాలకు అది అనువైనది.

శాశ్వత ఉపశమనానికి దగ్గరగా ఉన్నది మార్పిడి ఒక్కటే. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం కవల సోదరుల మధ్య విజయవంతంగా కిడ్నీ మార్పిడి చేసింది. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీలో సజీవ దాత నుంచి మార్పిడి జరిగింది. రక్తసంబంధీకులో, జీవిత భాగస్వామో ఇవ్వవచ్చు. అలా దాత దొరకనివారు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుంటే, బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబాలు దానం చేసిన అవయవాలను వరుస క్రమంలో కేటాయిస్తారు. పేరు నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది. దళారులకు డబ్బు కట్టి కిడ్నీ కొనడం చట్టరీత్యా నేరం.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. వాపు, ఆల్బుమిన్, క్రియాటినిన్ పెరుగుదల, డయాలసిస్ వంటివి నెఫ్రాలజిస్టు చూస్తారు. రాళ్లు, ప్రొస్టేట్, మూత్రంలో రక్తం, అడ్డంకుల విషయం యూరాలజిస్టుది. మునగాల పరగణా బ్రిటిష్ కాలంలో నలువైపులా నిజాం రాజ్యం ఉండగా కృష్ణా జిల్లాలో భాగంగా కొనసాగింది. నేటికీ ఇక్కడి రోగులు ఒక చూపు హైదరాబాద్ వైపు, ఒక చూపు విజయవాడ, ఖమ్మం వైపు వేస్తుంటారు. సరిహద్దు దాటే ముందు ఆ ఆసుపత్రి తెలంగాణ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి. ఊరు మారిన ప్రతిసారీ పాత కాగితాలు పారవేసి పరీక్షలు మొదటి నుంచి చేయించుకోవడం వల్ల క్రియాటినిన్ ఏ వేగంతో పెరుగుతున్నదీ ఏ వైద్యుడికీ తెలియకుండా పోతుంది. తేదీలతో సహా రిపోర్టులన్నీ ఒకే సంచిలో ఉంచుకుని, ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకుపోవాలి. వాడుతున్న మందుల అట్టలు, పసరు మందులు, పొడులు సైతం అందులోనే ఉంచి చూపించాలి.